వాడిన నీరు – పెరటి తోట: మన కోనసీమ పాత అలవాటు

కోనసీమ వాళ్లకి నీటి పొదుపు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే గదా అని చదువరులు నవ్వుకోవచ్చు. అటు గౌతమి, ఇటు వశిష్ట, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. ఇన్ని నీళ్ల మధ్య వున్న మనకి స్నానం చేసి వదిలిన నీటితో పనేమిటి? పనుంది. ఆ సంగతి మన పెద్దలకి బాగా తెలుసు. మరచిపోయింది మనమే.

చరిత్ర కొంచెం వెనక్కి తిరగేద్దాం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. తరువాత గన్నవరం వద్ద వైనతేయ మీదుగా అక్విడెక్టు కట్టి నగరం లంకకి గోదావరి నీరు అందించారు. పాత అక్విడెక్టుకి బదులు 2000లో కట్టిన కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇదంతా బళ్లో పిల్లలకి చెప్పే పాఠమే. కాని పంట కాలవ చేనుకి నీరిస్తుంది, పెరటికి ఇవ్వదు. పైగా యేటా వేసవిలో కాలవలు కట్టేస్తారు. సముద్రం దగ్గరి వూళ్లలో నూతి నీరు ఉప్పదేలుతుంది. అలాంటి రోజుల్లో పెరట్లో చెట్టుని బతికించింది యేది? యింట్లో వాడి వదిలిన నీరే.

1980లలో మా నానీ యింటి పెరడు నాకు యిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నూతి చప్టా నుంచి మట్టిలో ఒక చిన్న బోదె. కొబ్బరాకుల దడి చాటున స్నానాల చోటు, అక్కడి నీరు కూడా ఆ బోదెలోకే. అది వంకర తిరుగుతూ ముందు అరటి పాదుకి, తరువాత కంద, చేమకి, చివరికి కొబ్బరి మొదట్లోకి పోయేది. బియ్యం కడుగు మాత్రం బోదెలోకి పోనిచ్చేది కాదు, అది గేదె కుడితికి. వజూ చేసిన నీరు మల్లె పాదుకి. నేను చెంబుడు నీళ్లు వాకిట్లో పారబోస్తే, “బేటా, ఆ నీళ్లకి యింకో పని మిగిలే వుంది” అనేది.

ఆవిడ చదువుకోలేదు గాని లెక్క సరైనదే. ఆ రోజుల్లో అంట్లు తోమేది బూడిదతో, కొబ్బరి పీచుతో. తలంటుకి కుంకుడుకాయ. కట్టెల బూడిదలో పొటాష్ వుంటుంది, అరటికీ కొబ్బరికీ అది మంచి బలం.

వాడిన నీరు అపరిశుభ్రం కాదా అని కొందరు అడుగుతారు. వజూ చేసిన నీటితో మళ్లీ వజూ చెల్లదు గాని ఆ నీరు పాక్ అనే హనఫీ ఉలమాలు చెబుతారు. చెట్టుకి పోయడానికి అడ్డేమీ లేదు. 1978లో సౌదీ అరేబియా ఉలమా పెద్దల మండలి అయితే, మురుగు నీటిని సైతం రంగు, రుచి, వాసన పోయేలా శుద్ధి చేస్తే వాడుకోవచ్చని ఫత్వా యిచ్చింది. మన కోనసీమ నుంచి మస్కట్ వెళ్లిన వారిని అడగండి, అక్కడ రోడ్ల పక్క చెట్లకి పోసేది శుద్ధి చేసిన మురుగు నీరే.

మరి మన అలవాటు యెలా పోయింది? నూతికి బదులు కుళాయి వచ్చింది. మట్టి పెరటికి సిమెంటు వచ్చింది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా పుట్టాయి, బూడిద పోయి పొడి సబ్బు వచ్చింది. అందులోని సోడియం మట్టిని గట్టిపరుస్తుంది, ఉప్పుకి ఓర్చుకోలేని అరటిని దెబ్బ తీస్తుంది. కొబ్బరి కాస్త తట్టుకుంటుంది.

యితరులని అనడం దేనికి, నేనూ ఆ తప్పు చేశాను. పదేళ్ల క్రితం పెరడంతా సిమెంటు చేయించి, గొట్టం వీధి కాలవలోకి వదిలాను. రెండేళ్లకి అరటి పిలకలు యెండిపోయాయి. మా నీరు పోయి పక్కింటి ఖాలా గుమ్మం ముందు నిలిచింది. ఆవిడ మాతో మాటలు మానేసింది. తప్పు ఆవిడది కాదు. నిలిచిన మురుగులోనే బోదకాలు వ్యాప్తి చేసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. గోదావరి జిల్లాలకి ఆ జబ్బు కొత్తది కాదు. 1955లో దేశవ్యాప్తంగా ఫైలేరియా నియంత్రణ పథకం మొదలైంది, 2004 నుంచి యింటింటికీ మాత్రలు పంచారు. మాత్ర మింగి గుమ్మం ముందు దోమని పెంచితే లాభమేమిటి? పైగా వీధి కాలవ చివరికి పంట కాలవలో కలిస్తే, ఆ నీరే దిగువ వూళ్ల మంచినీటి చెరువులోకి చేరుతుంది.

నిరుడు సిమెంటు ఒక మూల పగలగొట్టించి మళ్లీ బోదె తీశాను. ఖాలా యింటికి మొదటి అరటి గెలలో నుంచి రెండు హస్తాలు పంపాను. మాటలు కలిశాయి.

లెక్క చూడండి. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు అన్నది. అయిదుగురికి 275 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు స్నానానికి, ఉతుకుకి, అంట్లకి పోయినా 180 లీటర్ల పైమాటే. నాలుగైదు అరటి పాదులకి అది చాలు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మరుగుదొడ్డి నీరు యిందులో కలవకూడదు. వంటింటి జిడ్డు నీటిని పీచు, యిసుక మీదుగా వదలాలి. నీరు ఒక్క రోజు మించి నిలవకూడదు, పాదులో యింకిపోవాలి. ఆకుకూరల మీద, పచ్చిగా తినే వాటి మీద పోయరాదు. పొడి సబ్బు నీరు రోజూ ఒకే పాదుకి కాకుండా మార్చి మార్చి పెట్టాలి. వానాకాలంలో ఉప్పు కడుక్కుపోతుంది.

మన సంఘ సభ్యులకి నా విన్నపం ఒక్కటే. యింటికో బోదె, ప్రతి మసీదులో వజూ నీటికి నాలుగు చెట్లు. ఖర్చు లేదు, ఒక పార, ఒక పూట పని చాలు. మన గుమ్మం దాటిన నీరు పొరుగువారికి బాధ కాకూడదు. అల్లాహ్ మనకి ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.