లావు

‘లావు’కు పాత అర్థం బలం. పోతన గజేంద్రమోక్షంలో మొసలి పట్టులో అలసిన ఏనుగు తనకు లావు లేదని మొరపెట్టుకుంటుంది. తగ్గింది దాని బరువు కాదు, సత్తువ. సి.పి. బ్రౌన్ నిఘంటువులో బలం, స్థూలత్వం రెండర్థాలూ ఉన్నాయి. ‘అంత లావు పెద్దమనిషా!’ అనే ఎత్తిపొడుపులో పాత వాసన ఇంకా ఉంది. ‘లావణ్యం’తో మాత్రం చుట్టరికం లేదు, అది లవణం నుంచి వచ్చిన సంస్కృత పదం.

గుడివాడ కొట్లో లావు బియ్యం, సన్న బియ్యం అంటే గింజ రకమే. మనుషుల దగ్గరికొచ్చేసరికి అదే మాట తీర్పవుతుంది. సెలవులకు దివిసీమ వచ్చిన పిల్లతో ‘చిక్కిపోయావేమే’ అంటే జాలి, ‘ఒళ్ళు చేశావే’ అంటే సగం మెప్పు. ‘లావయ్యావు’ అంటే ఇప్పుడు దాదాపు తప్పుపట్టడమే.

ఈ తీర్పు కొందరికి ప్రమాదం కూడా. తిండి మాని కృశించే జబ్బుకు 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ ‘అనొరెక్సియా నెర్వోసా’ అని పేరు పెట్టాడు. దాన్నుంచి కోలుకునేటప్పుడు బరువు పెరగడం చికిత్సలో భాగం. అప్పుడు ‘లావయ్యావు’ అన్న మాట వింటే మనిషి మళ్ళీ కంచం ముందు నుంచి లేచిపోవచ్చు. ‘సన్నబడ్డావు, బాగున్నావు’ అన్న మెప్పూ అంతే చేటు. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు లావుగా ఉన్నవారికీ వస్తాయి, చూసి పోల్చలేం. అమెరికాలో 1969లో పుట్టిన స్థూలకాయుల హక్కుల సంఘం ‘లావు’కు సమానమైన ‘ఫ్యాట్’ అన్న ఇంగ్లీషు మాటను తిట్టుగా కాక వట్టి వర్ణనగా వాడమంటుంది. ఇక్కడ అంతదాకా రాకపోయినా, పలకరింపుకు ‘ఎప్పుడొచ్చావమ్మా?’ చాలు.