కమాను ఒకరిది, మీటు ఒకరిది

ఏటా జనవరి 11 దగ్గరపడితే ఆదిలాబాద్ అడవుల్లోని గోండు ఊరు మార్లవాయి పేరు పత్రికలకెక్కుతుంది. 1987లో ఆ రోజున కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్‌నూ ఆమె భర్త, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌నూ గోండులు తలుచుకునే రోజది. ఆయన చొరవతో వచ్చిన బడులు, భూములు, గోండి వాచకాలు అన్నీ గుర్తుకొస్తాయి. గోండుల కథాగాయకుడు పర్ధాన్ చేతిలో కమానుతో పలికే మూడు తీగల కిక్రీ మాత్రం ఫొటోకు అలంకారంగా మిగిలిపోతుంది. దాని విలువ తెలియాలంటే దూరపు బంధువొకదాని పక్కన నిలబెట్టి చూడాలి. ఆ బంధువు, చేత్తో తయారుచేసే ఎలక్ట్రిక్ అప్‌రైట్ బాస్. నిలువెత్తు కర్ర, నాలుగు తీగలు. కమానుతో రాస్తే ఒక గొంతు, వేళ్లతో మీటితే మరో గొంతు. ఒకే వాద్యం అన్ని పనులూ చేయాలన్నది దాని ఆశయం. ఉత్తర తెలంగాణ ఆ పనులను ఇద్దరికి పంచింది. ఆ పంపకంలోనూ తెలివి ఉంది.

వింటినారి మోత నుంచి వయొలిన్ కుటుంబం దాకా నడిచిన వేల ఏళ్లను ఇక్కడ దాటేద్దాం. పెద్ద బాస్‌లో అడుగు స్వరం సుమారు 41 హెర్ట్జ్. గాలిలో దాని అల పొడవు 8 మీటర్ల పైమాటే. అంత అలను కదిలించాలి కాబట్టే మనిషిని మించిన పెట్టె కావలసొచ్చింది. 1930లలో రికెన్‌బ్యాకర్ కంపెనీ ఆ పెట్టెను తీసేసి కర్రకు కరెంటు తగిలించింది. 1951లో ఫెండర్ బాస్ గిటార్, 1962లో ఆంపెగ్ బేబీ బాస్ వచ్చాయి. పెట్టె పోయినా చేతిపని పోలేదు. తీగలను మోసే బ్రిడ్జి వంపే చూడండి: మరీ చదునైతే కమాను పక్క తీగనూ తాకుతుంది, మరీ వంచితే మీటే వేలు ఎగుడుదిగుళ్లలో తడబడుతుంది. రెండు పద్ధతులకూ నప్పే వంపును వాయించే మనిషిని ఎదురుగా పెట్టుకునే చెక్కాలి.

ఇక కమాను పని ఆదిలాబాద్‌లో కిక్రీది. 1940లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక ఈ అడవులకొచ్చిన హైమన్‌డార్ఫ్ 1948లో అచ్చువేసిన, గోండుల గురించిన గ్రంథానికి పర్ధాన్ల నోటి గాథలే ఆయువుపట్టు. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్, గోండుల దైవం పెర్సాపెన్ ముందు కిక్రీ అందుకుంటే గోండిలో వంశగాథ పాడతాడు. గోండులకు చరిత్ర పుస్తకం అతనే. గొంతు ఆగిన చోట కథను మోసేది కమానే. మీటే పని కరీంనగర్ వైపు జమిడికది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్లు దాన్ని చంకన ఇరికించుకుంటారు. తోలు మూతలోంచి వచ్చే తీగ కొసను ఒక చేత్తో లాగిపట్టి మరో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు, పిడికిలే శ్రుతి. బాస్ చేసే పనీ ఇదే: మాట కింద నేల పరచడం.

పంపకాన్ని పొగడటం కులవృత్తిని పొగడటమేనని ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. ఆ మాటలో నిజముంది. పర్ధాన్ ఒకరి దయమీద, బైండ్ల ఒకరి గడపమీద బతకాల్సి రావడం సంగీతపు అవసరం కాదు. కానీ పుట్టుకతో వచ్చిన కట్టుబాటును వదిలేసినా, ఒకే పనికి జీవితం పెడితే వచ్చే నైపుణ్యాన్ని వదులుకోనక్కర లేదు. కరెంటు తగిలితే జానపదం చెడుతుందన్నది రెండో అభ్యంతరం. అయస్కాంతపు పికప్‌కు ఇనుప తీగ కావాలి, నరం తీగ దానికి వినపడదు. బ్రిడ్జి కింద పెట్టే పీజో బిళ్లకు మాత్రం కదలిక ఉంటే చాలు, తీగ ఏదైనా ఒకటే. వాద్యాన్ని మార్చకుండానే పని జరుగుతుంది. ఈ కాలంలో మాత్రం జానపదపు కథ చిందరవందర. 2021లో గుస్సాడీ నృత్యకారుడు కనకరాజుకు, 2022లో కిన్నెర వాయించే మొగులయ్యకు పద్మశ్రీలొచ్చాయి; ఊరేగింపుల్లోకి డీజే డబ్బాలొచ్చాయి; జమిడిక వీడియోలు ఫోన్లలోకొచ్చాయి. ఫోను స్పీకర్‌లో వినపడేది తీగ టక్కుమన్న చప్పుడే, అడుగు స్వరం ఇంకిపోతుంది. ఇద్దరినీ కలిపి ఒకే కర్ర చేయడం కంటే, ఇద్దరికీ చెరొక బిళ్ల, ఒక మంచి స్పీకరు, పాడినందుకు కూలి ఇవ్వడం చవక.