హినోతోరి (రైలు)

హినోతోరి జపాన్ దేశములోని కింతెత్సు అనే ప్రైవేటు రైల్వే సంస్థ నడుపుతున్న లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ విద్యుత్ రైలు. సాంకేతికంగా దీనిని 80000 శ్రేణి అంటారు. ఇది ప్రధానంగా ఒసాకా, నాగోయా నగరాల మధ్య సుమారు 190 కి.మీ. దూరం నడుస్తుంది. 2020 మార్చి 14న సేవలు ప్రారంభమయ్యాయి. జపనీస్ భాషలో హినోతోరి అంటే "అగ్నిపక్షి" అని అర్థం. పేరుకు తగినట్లుగా పెట్టెలకు మెరిసే ముదురు ఎరుపు రంగు వేశారు.

నేపథ్యం

ఒకప్పుడు కింతెత్సు మార్గంలో ఒసాకా వైపు పట్టాల మధ్య వెడల్పు 1,435 మి.మీ., నాగోయా వైపు 1,067 మి.మీ. ఉండేది. అందువలన ప్రయాణికులు ఇసె-నకగావా స్టేషనులో రైలు మారవలసి వచ్చేది. నాగోయా మార్గాన్ని వెడల్పు చేయడానికి సన్నాహాలు జరుగుతుండగా, 1959 సెప్టెంబరులో ఇసె అఖాతం తుఫాను ఆ మార్గాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. అప్పటి సంస్థ అధ్యక్షుడు ఇసాము సాయెకి, మరమ్మతులతో పాటే వెడల్పు పనినీ ముందుకు జరిపి పూర్తి చేయాలని నిర్ణయించాడు. ఆ పని అదే సంవత్సరం నవంబరులో ముగిసింది. డిసెంబరు నుండి రెండు నగరాల మధ్య నేరుగా రైళ్ళు నడిచాయి. ఇసె-నకగావా వద్ద రైలు దిశ మార్చుకోవలసిన అవసరాన్ని 1961లో నిర్మించిన చిన్న అనుసంధాన మార్గం తొలగించింది.

1964లో తొకైదో షింకన్‌సెన్ ప్రారంభం కావడంతో కింతెత్సు ప్రయాణికులు పెద్ద సంఖ్యలో అటు తరలిపోయారు. నాగోయా నుండి షిన్-ఒసాకాకు షింకన్‌సెన్ ఇప్పుడు సుమారు 50 నిమిషాలలో చేరుతుంది. హినోతోరికి రెండు గంటలకు పైగా పడుతుంది. వేగంలో పోటీ పడలేని సంస్థ తక్కువ ఛార్జీ, సౌకర్యం, నగరం నడిబొడ్డున ఉన్న నంబా స్టేషను అనే మూడింటిని ఆధారం చేసుకుంది. 1988లో వచ్చిన అర్బన్ లైనర్ ఈ ఆలోచన ఫలితమే. దాని స్థానంలో వచ్చినదే హినోతోరి.

రూపకల్పన, సౌకర్యాలు

కింకి షార్యో సంస్థ మొత్తం 72 పెట్టెలను తయారు చేసింది. వీటిలో ఆరు పెట్టెల రైళ్ళు 8, ఎనిమిది పెట్టెల రైళ్ళు 3 ఉన్నాయి. పై తీగల నుండి 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు అందుతుంది. గరిష్ఠ వేగం గంటకు 130 కి.మీ.

* ప్రీమియం పెట్టెలు: రైలుకు రెండు చివరల ఉంటాయి. నేల మిగిలిన పెట్టెలకంటె 72 సెం.మీ. ఎత్తులో ఉండటం వలన ముందు అద్దం గుండా దారి బాగా కనిపిస్తుంది. వరుసకు మూడు తోలు సీట్లు, వరుసల మధ్య దూరం 130 సెం.మీ. ఊగుడును తగ్గించే ప్రత్యేక సస్పెన్షన్ కూడా ఉంది.
* రెగ్యులర్ పెట్టెలు: వరుసకు నాలుగు సీట్లు, వరుసల మధ్య దూరం 116 సెం.మీ.

అన్ని సీట్ల వెనుక కదలని గట్టి తొడుగు ఉంటుంది. సీటు దాని లోపలే వాలుతుంది గనుక వెనుక కూర్చున్నవారికి ఇబ్బంది కలగదు, వారిని అనుమతి అడగవలసిన పని కూడా ఉండదు. సామాను లాకర్లు, కాఫీ యంత్రం ఉన్న చోటు ఇతర సౌకర్యాలు.

సేవలు

ఒసాకా-నంబా, ఒసాకా-ఉయెహొమ్మాచి, త్సురుహాషి, త్సు, కింతెత్సు-నాగోయా ముఖ్యమైన ఆగే చోట్లు. కొన్ని రైళ్ళు యమాతో-యాగిలో కూడా ఆగుతాయి. కొన్ని రైళ్ళు ఒసాకా నుండి నారాకు నడుస్తాయి. సీట్లన్నీ రిజర్వేషనుపైనే లభిస్తాయి. మామూలు టికెట్టు, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ రుసుములకు తోడు ప్రత్యేక రుసుము చెల్లించాలి. ప్రారంభంలో ఒసాకా - నాగోయా ప్రయాణానికి ఇది రెగ్యులర్ పెట్టెలో 200 యెన్‌లు, ప్రీమియం పెట్టెలో 900 యెన్‌లు.

రైలు ప్రారంభమైన సమయంలోనే కోవిడ్-19 వ్యాప్తి వలన జపాన్‌లో ప్రయాణాలు బాగా తగ్గిపోయాయి. అయినను సంస్థ ప్రణాళికను కొనసాగించి, 2021 ఫిబ్రవరి నాటికి తక్కువ స్టేషన్లలో ఆగే ఒసాకా - నాగోయా రైళ్ళన్నింటినీ హినోతోరిగా మార్చింది. అర్బన్ లైనర్ రైళ్ళను ఎక్కువ స్టేషన్లలో ఆగే సేవలకు మళ్ళించారు. పాతబడిన 12200 శ్రేణి రైళ్ళు 2021లో నిత్య సేవల నుండి తప్పుకున్నాయి.

పురస్కారం

జపాన్ రైల్వే అభిమానుల సంఘం ప్రతి ఏటా ఉత్తమ రైలుకు ఇచ్చే బ్లూ రిబ్బన్ పురస్కారం 2021లో హినోతోరికి లభించింది.