తుపాకిమర – కమ్మరి కన్ను

1786వ సంవత్సరమున టిప్పు సుల్తాను మన ఆదోని దుర్గమును ముట్టడించి పట్టుకొనెను. ఆనాటి తుపాకి యొక్కొక్కటియు నొక్కొక్క పనివాని చేతిపని. గొట్టమును, మరను, కొయ్యను ఆకురాతితో రాచి యొకదానికొకటి పొదిగెడివారు. కావున మర విఱిగిన సిపాయికి ప్రక్కవాని మర పొసగదు; కమ్మరి చేయి పడువఱకు నది వట్టి కట్టెయే. ప్రాణ మా యాకురాతిపై నిలిచియుండెను.

అంతకు ముందేడు, 1785లో, ఫ్రాన్సుదేశమున ఓనొరే బ్లాంక్ అను పనివాడు ఏబది మరలను విడదీసి అమెరికా రాయబారి జెఫర్సను ముందుంచెను. ఆయన చేతికందిన భాగములనే కూర్పగా నవి చక్కగా నమరెను. అన్నియు నొకే కొలతకు చేయబడుటయే యందలి రహస్యము.

నేడు ఆదోని యంగడిలో కొన్న మరచీల ఎమ్మిగనూరు తోటలోని నీటియంత్రమునకు సరిపడుట యట్టి కొలత ఫలమే. అయినను కొలత రాకమునుపు మన పెద్దలను గాచినది కమ్మరి కన్ను, దానిని మఱువరాదు.