మందూ కోతీ

ఈసారి రాస్తున్నది చరిత్రే గానీ, ముందు నా సొంత సంగతి చెప్పకపోతే లెక్క తేలదు.

రిటైరయ్యాక ఇందిరాపురంలో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. పదకొండో అంతస్తు. ఒక సాయంత్రం ఏడాది నిండిన మనవణ్ణి ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే, వీణ్ణి కిందికి వదిలేస్తే ఏమవుతుంది అని తోచింది. ఒళ్ళు జలదరించి లోపలికి వచ్చేశాను. మర్నాడూ అదే. వారం తిరిగేసరికి పిల్లాణ్ణి ఎత్తుకోవడమే మానేసి, నడుంనొప్పి అని ఇంట్లో అబద్ధం చెప్పాను.

హేతువాదిని కదా, గ్రహచారం అనుకోలేదు. తర్కానికి దిగాను. నేను హింసాపరుణ్ణి కాననడానికి రుజువులు ఇవిగో అని రాత్రుళ్ళు ఒక్కొక్కటే పోగేసేవాణ్ణి. డిఫెన్స్ అకౌంట్స్‌లో వోచర్లు సరిచూసి తలనెరిసినవాణ్ణి. ఎన్నిసార్లు ట్యాలీ అయినా తెల్లారేసరికి మళ్ళీ మొదటికే వచ్చేది. ఎవరితోనూ చెప్పుకోలేక పుస్తకాలు పట్టుకున్నాను.

మొదట దొరికినవాడు జాన్ బన్యన్. ఇంగ్లండులో గిన్నెలకు మాట్లు వేసుకునే మనిషి, తర్వాత మతబోధకుడయ్యాడు. బెడ్‌ఫర్డ్ జైల్లో ఉండగా 1666లో అచ్చయిన ఆత్మకథలో తన గోడు చెప్పుకున్నాడు. క్రీస్తును అమ్మేయమని ఒక మాట ఏ పని చేస్తున్నా బుర్రలో మోగేదట. అమ్మనంటే అమ్మనని అంతే పట్టుదలగా జవాబు చెప్పేవాడు. ఒకనాడు అలసిపోయి, పోతే పోనీ అనుకున్నాడు. ఆ క్షణాన్నే మహాపాపంగా లెక్కేసుకుని చాలాకాలం కుళ్ళిపోయాడు. అంత భక్తుడికే అంత దైవదూషణ తోచింది. గమనించండి, ఎవరికి ఏది ప్రాణమో ఆలోచన దాన్నే పట్టుకుంటుంది. నాకు మనవడు.

1692లో నార్విచ్ బిషప్ జాన్ మూర్, రాణిగారి ఎదుట చేసిన ప్రసంగంలో, ఇలాంటి ఆలోచనలతో పెనుగులాడేకొద్దీ అవి పెరుగుతాయని చెప్పాడు. బిషప్పుని మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ఇక్కడ ఆయన చూపు సరైనదే.

మనవాళ్ళకి ఇది కథగా తెలుసు. వైద్యుడు మందిచ్చి, తాగేటప్పుడు కోతిని మాత్రం తలుచుకోవద్దన్నాడట. ఆ రోగి మరి మందు తాగలేకపోయాడు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ విద్యార్థులను తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని కూర్చోబెట్టి, తలుచుకున్నప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. మన కోతికి ప్రయోగశాల దొరకలేదు, అంతే తేడా.

కథ తెలిసినా జబ్బుని మాత్రం పోల్చుకోలేదు. తెనాలిలో మా అమ్మకి మడి. ఆరేసిన బట్ట మీద కాకి వాలిందేమోనని అనుమానం, మళ్ళీ తడపడం, మళ్ళీ నూతి దగ్గర స్నానం, మాఘమాసపు చలిలో కూడా. చేతులు ఒరిసిపోయి పగిలేవి. ఊరు ఆవిణ్ణి నిష్ఠాపరురాలంది, ఇంట్లో చాదస్తం అన్నాం. ఛాందసుడంటే వేదం చదివినవాడు. ఆ మాటే నోళ్ళలో నలిగి చాదస్తమైంది. బెంగాలీలు దీన్నే శుచిబాయి అంటారు. కలకత్తా మానసిక వైద్యురాలు అజితా చక్రవర్తి 1975లో దాని మీద పరిశోధనా పత్రం ప్రచురించారు. అప్పటికి నేను బీకాం చదివిన కుర్రాణ్ణి. మైలా లేదు, అంటూ లేదు అని అమ్మతో వాదించేవాణ్ణి. పాపం, ఆవిడ ఒప్పుకునేది. ఒప్పుకునే నూతి దగ్గరికి వెళ్ళేది.

ఆవిడకి నీళ్ళు, నాకు తర్కం. ఈ సంగతి తెలియడానికి నాకు అరవై దాటాలి కాబోలు. జపమైనా తాయెత్తైనా ఇంతే, ఓ పూట ఊరట. మనశ్శాంతి పేరుతో వాటిని అమ్మేవాళ్ళకి కావలసింది కూడా ఆ పూట ఊరటే.

1838లో ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ తన గ్రంథంలో ఒకామె గురించి రాశాడు. లెక్కల్లో తప్పు చేసి ఎవరికైనా నష్టం తెస్తానేమోనని, డబ్బు ముట్టుకుంటే ఏదైనా వేళ్ళకి అంటుకొస్తుందేమోనని ఆమె భయం. అది అర్థంలేని భయమని ఆమెకే తెలుసు. చదువుతుంటే మా సెక్షన్లో కూర్చునే మనిషిలా అనిపించింది.

1966లో లండన్లో విక్టర్ మేయర్ దారి మార్చాడు. వాదించలేదు. కడుగుడు జబ్బున్న రోగిని భయపడే వస్తువులు ముట్టుకోనిచ్చి, కడుక్కోకుండా చూశాడు. గదిలో కుళాయి కట్టేయించాడు. భయం దానంతటదే దిగింది. మా నూతికి అలా మూత వేసేవాళ్ళు లేకపోయారు.

1978లో రాక్‌మన్, పద్మల్ డి సిల్వా మామూలు మనుషుల్ని విచారిస్తే, ఎనభై శాతం దాకా తమకూ ఇలాంటి పిచ్చి ఆలోచనలు వస్తాయన్నారు. తేడా ఆలోచనలో లేదు, దానికిచ్చే విలువలో ఉంది. డి సిల్వా సింహళీయుడు. పాళీ గ్రంథాల్లోని ఉపాయాలను ఆధునిక చికిత్సతో పోల్చి రాశాడు కూడా. మజ్ఝిమ నికాయంలో వితక్కసంఠాన సుత్తం ఐదు ఉపాయాలు చెబుతుంది. పట్టించుకోకుండా వదిలేయడం వాటిలో ఒకటి. పళ్ళు బిగించి మనసును అణచమన్న ఐదోది మాత్రం నాలాంటివాళ్ళకి కోతి మందే.

చివరికి ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. కొందరికి మాత్రలు కూడా కావాలట, నాకు అవసరం పడలేదు. ఆవిడ నా రుజువులేవీ వినలేదు. రోజూ పిల్లాణ్ణి ఎత్తుకుని బాల్కనీలో నిలబడండి, ఆలోచన వస్తే జవాబు చెప్పకండి అంది. మొదటి రోజు కాళ్ళు వణికాయి. ఇంట్లో అసలు సంగతి చెప్పేశాను. కోడలు కాసేపు మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం తనే వాణ్ణి తెచ్చి నా చేతికిచ్చింది.

ఇప్పుడు వాడికి మూడేళ్ళు. ఆ ఆలోచన నిన్న కూడా వచ్చింది. వాడు కింద చెత్తబండి వచ్చిందా చూపించమన్నాడు, చూపించాను.