నారమాంబ, పేరమాంబ

నారమాంబ, పేరమాంబ కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని (పాలన 1199–1262) రాణులు. ఇద్దరూ తోబుట్టువులు, కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను ఏలిన అయ్య వంశపు ఆడపడుచులు. తండ్రి పినచోడి. కాకతీయ గజసేనాధిపతి, ‘నృత్తరత్నావళి’ కర్త జాయప సేనాని వీరి సోదరుడు. వాడుకలో నారాంబ, పేరాంబ అని కూడా రాస్తారు.

పుట్టిల్లు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ మిగిలిన లంకే దివి. నేటి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలన్నీ అందులోవే. సంస్కృత శాసనాలు దీన్ని ‘ద్వీపం’ అన్నాయి. అయ్య వారి స్వస్థలం వెలనాటిలోని క్రొయ్యూరు. వెలనాటి చోడుల కొలువులో ఎదిగి ఈ దీవికి ప్రభువులయ్యారు. ఒండ్రు నేల పంట, ఏటి మీద పడవ, కడలి మీద ఓడ అన్నీ అందుబాటులో ఉన్న సీమ కాబట్టి చిన్నదే అయినా కలిగినదే. ఎంత కలిగినదో దాన్ని దోచినవారే శాసనం ఎక్కించి మరీ చెప్పుకున్నారు.

కయ్యం, వియ్యం

1201 ప్రాంతంలో గణపతిదేవుని సేనలు బెజవాడ మీదుగా తీరాంధ్రంలోకి దిగాయి. గురి వెలనాటి చోడ రాజు పృథ్వీశ్వరుడి మీద. అతని పక్షాన ఉన్న దివి దారిలో తగిలింది. దాడి నడిపినవారిలో మల్యాల చౌండ సేనాని ముఖ్యుడు. దివి నుంచి తెచ్చిన సొత్తును అతను రాజు ముందు కుప్ప పోశాడని కాకతీయ రాజధాని ఓరుగల్లు దగ్గరి కొండపర్తిలో 1203 నాటి శాసనం ఉంది. అందుకు దక్కిన బిరుదు ‘దివిచూఱకార’. చూఱ అంటే కొల్ల. ఒక రాణివాసపు కథ కొల్లసొమ్ముతో మొదలవడం వినడానికి ఇంపుగా ఉండదు కానీ వరుస మాత్రం అదే.

గెలిచాక గణపతిదేవుడు చేసిన పని వేరు. దీవిని తన ఏలుబడిలో కలుపుకోకుండా తిరిగి పినచోడి చేతికే ఇచ్చాడు. అతని కూతుళ్లిద్దరినీ పెళ్లాడాడు. కొడుకు జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. దీన్ని ఔదార్యమని మెచ్చుకున్నవారున్నారు. ఔదార్యం కన్నా ముందుచూపే ఎక్కువనిపిస్తుంది. రేవులు, పాయలు, బురద లంకలు నిండిన చోటును మెట్టసీమ ఏనుగులూ గుర్రాలూ ఎన్నేళ్లు కాపలా కాయగలవు? పడవ నడిపే ఇంటితో వియ్యమందడమే మేలు.

ఇలాంటి వియ్యాలు గణపతిదేవుడి ఇంట ఇంకా ఉన్నాయి. చెల్లెలు మైలాంబ నతవాడి రుద్రుడి భార్య. కూతురు గణపాంబను ధరణికోటను ఏలే కోట బేతరాజుకిచ్చాడు. మరో కూతురు రుద్రమదేవికి నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి భర్తగా తెచ్చాడు. పటం ముందు పెట్టుకుని చూస్తే కృష్ణకు అటూ ఇటూ, గోదావరి దాకా కాకతీయ తీరాంధ్రం పెళ్లిపందిళ్ల వెంబడే విస్తరించినట్టు కనబడుతుంది. మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు 1244లో గణపతిదేవుడిచ్చిన అభయ శాసనం దీనికి కొనసాగింపే. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు కాజేసేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకమే తీసుకుంటానని అందులో చెప్పాడు. ఇక దివికి వస్తే, ఆ ఇంటి ఆడపడుచులు ఓరుగల్లులో ఉండడమే పుట్టినసీమకు ఒక పూచీ.

రాచకాంతల బాధ్యతలు

ఇప్పటి రాజకుటుంబాల్లో రాణి భర్తకో రాజు భార్యకో పనుల చిట్టా ఉంటుంది. బ్రిటన్ రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్ 2017లో విశ్రాంతి తీసుకునే నాటికి ఒంటరిగా 22,219 కార్యక్రమాలు పూర్తి చేశాడని లెక్క కూడా కట్టారు. కాకతీయుల కాలంలో రాచకాంత ప్రజాకార్యం చెరువులోనో గుడిలోనో కనిపిస్తుంది. మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయ వంశక్రమాన్ని చరిత్రకారులు సరిచూసుకునేది ఆ రాతి మీదే. భర్త పోయాక ధరణికోట పాలన చూసిన గణపాంబ అమరేశ్వరాలయానికి బంగారు కలశం ఎత్తించింది. యనమదలలో తండ్రి పేర గణపేశ్వరాలయం కట్టించింది.

దివి రాణుల ప్రస్తావన మాత్రం సోదరుడి రాతి మీద ఉంది. జాయప తండ్రి పేర చోడేశ్వరాలయాన్ని, దివిలో బావ పేర గణపతీశ్వరాలయాన్ని నిలిపాడు. గణపతీశ్వరం చుట్టూ పెరిగిన ఊరే నాగాయలంక మండలంలోని గణపేశ్వరం. అక్కడి శాసనం శా.శ. 1153కు, అంటే 1231కి చెందినది, సంస్కృత రచన. జర్మన్ పండితుడు హుల్ట్‌ష్ దీన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ మూడవ సంపుటంలో ప్రకటించాడు. అయ్య వంశావళి, అక్కచెల్లెళ్ల పెళ్లి, జాయప గజసేనాధిపత్యం అందులోనే ఉన్నాయి. గుళ్లకు పెట్టిన పేర్లు తండ్రివీ భర్తవీ. ఆడవారి పేర్లు శాసన పాఠం మధ్యలో వస్తాయి. అయినా ఆ పెళ్లి ప్రస్తావన లేకుండా జాయప కథ చెప్పడం కుదరదు, ఓరుగల్లుకు అతన్ని తీసుకెళ్లిన దారి అదే కనుక.

నాట్యం

రాజుగారి బావమరిదిగా జాయప ఎదుగుదల చురుగ్గా సాగింది. 1213 నాటికే చేబ్రోలు అతని అధికారంలోకి వచ్చింది. అక్కడా గుడి కట్టించాడు. ఏనుగుల దండు నడిపిన ఈ మనిషి 1253–54లో ఎనిమిది అధ్యాయాల ‘నృత్తరత్నావళి’ ముగించాడు. మొదటి నాలుగు మార్గ (శాస్త్రీయ) నృత్యానికి, తక్కిన నాలుగు దేశి (జన వాడుకలోని) నృత్యానికి. పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, కందుకం, చిందు వంటివి ఉన్న రెండో సగమే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. నాట్యశాస్త్ర కర్త భరతుణ్ణి వల్లించడం చాలామంది చేశారు, తన కాలపు జనం ఆటను కళ్లారా చూసి రాసినవారు తక్కువ. వి. రాఘవన్ సంస్కరించిన ప్రతి 1965లో మద్రాసులో వెలువడింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ పేరణిని మళ్లీ రంగస్థలం ఎక్కించినప్పుడు ఆధారంగా నిలిచినది ఈ గ్రంథమే.

రుద్రమదేవి తల్లిగా చరిత్ర పుస్తకాల్లో కనిపించే సోమాంబ వేరే రాణి. 2015 నాటి ‘రుద్రమదేవి’ సినిమాలోనూ ఆమే ఉంటుంది, దివి అక్కచెల్లెళ్లు తెరకెక్కలేదు.

గణపేశ్వరంలో నేడు పూజలందుకునే స్వామి పేరు దుర్గా గణపేశ్వరుడు.