జాతి పేరుతో కుక్కల నిషేధం: చరిత్ర

ఫలానా జాతి కుక్కను పెంచకూడదనో, అమ్మకూడదనో, పెంచితే మూతికి బుట్ట కట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలనో చెప్పే చట్టాలను జాతి ఆధారిత నియంత్రణ చట్టాలంటారు. వీటిలో అందరికీ బాగా తెలిసింది బ్రిటన్‌లో 1991లో వచ్చిన ప్రమాదకర కుక్కల చట్టం. 23 జాతులను ఆపమంటూ 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు రాసిన లేఖ కూడా ఈ వరసలోదే. కుక్క కరిస్తే తప్పు దాని పుట్టుకదా, పెంచినవాళ్ళదా అన్న తగాదాయే ఈ చరిత్రంతా. ఏ కాలంలో ఏ జాతిని చూసి జనం జడిశారో వరసగా చూస్తే, కుక్కలకంటే మనుషుల గురించే ఎక్కువ తెలుస్తుంది.

జాతి అన్న భావన

మనిషి కుక్కను వేల ఏళ్ళుగా పెంచుతున్నాడు. కానీ వంశవృక్షం, ధ్రువపత్రం ఉన్న ‘జాతి కుక్క’ పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన భావన. అంతకుముందు చేసే పనిని బట్టే కుక్కకు పేరు. వేటకు ఒకటి, మందకు ఒకటి, కాపలాకు ఒకటి. మన కోస్తాలో, కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను తోలే జోనంగి కుక్క అలాంటి పనికుక్కే. వెంట్రుకలు లేనట్టుగా నున్నగా మెరిసే ఒళ్ళు దానిది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. దాన్ని ఉంచుకున్నవాళ్ళు బాతుల్ని చెదరకుండా తోలుతుందా లేదా అని చూశారు తప్ప, చెవులెంత పొడవున్నాయో కొలవలేదు.

1859 జూన్‌లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పాయింటర్, సెట్టర్ కుక్కలకు పోటీ పెట్టారు. కుక్కల ప్రదర్శనల చరిత్ర అక్కడ మొదలవుతుంది. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. తల వెడల్పు, తోక వంపు, ఒంటి రంగు అన్నిటికీ కొలమానాలు వచ్చాయి. రూపానికి మార్కులు వేయడం అలవాటయ్యాక, రూపం చూసి గుణం చెప్పేయడం కూడా తేలికైపోయింది.

అదే కాలంలో, 1871లో, బ్రిటిష్ పార్లమెంటు చేసిన కుక్కల చట్టంలో మాత్రం ఒక్క జాతి పేరూ లేదు. కుక్క ప్రమాదకరంగా ఉంది, యజమాని దాన్ని అదుపులో ఉంచడం లేదు అని రుజువైతే చాలు. అదుపులో పెట్టమని గానీ, చంపమని గానీ కోర్టు ఆదేశించవచ్చు. ఆ చట్టం ఇంగ్లండులో ఇప్పటికీ అమల్లో ఉంది. తర్వాతి తరాలు దాన్ని మరిచి కొత్త చట్టాల వెంట పడడం ఈ చరిత్రలో విచారించదగ్గ విషయం.

భయాల వరస

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో జనాన్ని వణికించిన పేరు బ్లడ్‌హౌండ్. పారిపోయిన నల్లజాతి బానిసలను వెంటాడి పట్టుకోవడానికి యజమానులు కుక్కలను ఉసిగొల్పేవారు. ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవలను ఊరూరా ఆడిన నాటక సమాజాలు వేదిక మీదికి నిజం కుక్కలనే తెచ్చి ఆ భయాన్ని ఇంటింటికీ చేర్చాయి. 1870లలో న్యూయార్క్ పత్రికలు స్పిట్జ్ మీద పడ్డాయి. పిచ్చికుక్క రోగానికి ఆ బొచ్చుకుక్కే మూలమన్న ప్రచారం సాగింది. మన ఊళ్ళలో పోమరేనియన్ అని పిలుస్తూ ఒళ్ళో కూర్చోబెట్టుకునే తెల్ల కుక్క ఆ స్పిట్జ్ బంధువే.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద కోపం పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ మీదికి మళ్ళింది. జర్మన్ షెపర్డ్‌కు బ్రిటన్‌లో ఆల్సేషన్ అని పేరు మార్చారు. పాత పేరు 1977లో గానీ తిరిగి రాలేదు. తెలుగువాళ్ళం నేటికీ దాన్ని ఆల్సేషన్ అనడం ఆ యుద్ధం మిగిల్చిందే. ఆస్ట్రేలియా ఇంకాస్త ముందుకు వెళ్ళింది. ఈ కుక్క అడవి డింగోలతో కలిసి గొర్రెల మందలకు చేటు తెస్తుందన్న వాదంతో 1929లో దాని దిగుమతిని నిషేధించి, 1970ల దాకా ఎత్తివేయలేదు. ఆ తర్వాత డాబర్‌మన్ వంతు, రాట్‌వైలర్ వంతు వచ్చాయి. జనం భయపడే జాతి మారిన ప్రతిసారీ పాత భయం చల్లారింది. అందుకు ఆ జాతి రక్తంలో వచ్చిన మార్పు ఏమీ లేదు.

పిట్‌బుల్ కథ

ఇంగ్లండులో కట్టేసిన ఎద్దు మీదికి కుక్కలను వదిలే వినోదాన్ని 1835లో చట్టం నిషేధించింది. కుక్కల పందేన్నీ అదే చట్టం నిషేధించినా, దానికి చిన్న గోతి చాలు, నేలమాళిగలో దాచుకోవచ్చు. అందుకని అది పోలేదు. బలం కోసం బుల్‌డాగ్‌ను, చురుకు కోసం టెర్రియర్‌ను కలిపి కొత్త కుక్కను తయారు చేశారు. వలసజనంతో అది అమెరికా చేరింది. 1898లో చాన్సీ బెన్నెట్ యునైటెడ్ కెన్నెల్ క్లబ్ స్థాపించి, తన సొంత కుక్కనే అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్‌గా మొదటి నంబరుతో నమోదు చేసుకున్నాడు. పందెం వాసన తగలకూడదనుకున్న అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1936లో ఇలాంటి కుక్కలనే స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అన్న పేరుతో చేర్చుకుంది. ఒకే కుక్కకు ఒక క్లబ్బులో ఒక పేరు, ఇంకో క్లబ్బులో ఇంకో పేరు! ఈ గందరగోళం తర్వాత కోర్టుల దాకా వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఈ కుక్కకు మంచి పేరే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులతో పాటు ఫ్రాన్స్ వెళ్ళిన స్టబ్బీ అనే కుక్క ఆ బుల్ టెర్రియర్ పోలికదే. దాని దేహం స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది. 1970లు, 80లలో పందేలు మళ్ళీ పత్రికలకెక్కడం, మాదకద్రవ్యాల ముఠాలు ఈ కుక్కను దర్పానికి కట్టుకోవడం, కొందరు పిల్లలు దీని కోరలకు బలికావడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల కడుపుకోతను తక్కువ చేసి ఈ చరిత్ర చెప్పడం అన్యాయం. 1987 జూలైలో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక కోరలు చాచిన పిట్‌బుల్‌ను ముఖచిత్రంగా వేసి జాగ్రత్త చెప్పింది. 1989లో డెన్వర్, మయామీ-డేడ్ ప్రాంతాలు దీన్ని నిషేధించాయి. డెన్వర్ ఓటర్లు 2020లో ఆ నిషేధాన్ని తీసేశారు. మయామీ-డేడ్‌లో 2023లో రాష్ట్ర చట్టంతో అది ముగిసింది.

టేపుతో కొలిచే న్యాయం

1991 మేలో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో ఒక ఆరేళ్ళ పాపను పిట్‌బుల్ ఘోరంగా గాయపరిచింది. దేశం అట్టుడికింది. హోంమంత్రి కెన్నెత్ బేకర్ కొద్ది వారాల్లోనే చట్టం తెచ్చారు. పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అనే నాలుగు రకాల మీద నిషేధం. చట్టంలో ‘జాతి’ అనకుండా ‘రకం’ అన్నారు. దాంతో తల్లిదండ్రులెవరన్న లెక్క లేదు, పోలిక ఉంటే చాలు. అధికారి టేపు తీసి భుజం ఎత్తు కొలుస్తాడు. బరువుతో పోల్చి చూస్తాడు. పుర్రె వెడల్పు, ఛాతీ లోతు, తోక పొడవు రాసుకుంటాడు. పోలిక సరిపోతే అది నిషిద్ధ కుక్క. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదే. ఆ కొలమానం కూడా ఒక అమెరికన్ పెంపకందారుల సంఘం 1970లలో అచ్చేసింది; బ్రిటిష్ కోర్టు దాన్నే ఆధారంగా ఒప్పుకుంది.

ఎవరినీ కరిచినట్టు ఫిర్యాదు లేని లెనాక్స్ అనే కుక్కను బెల్‌ఫాస్ట్ నగరపాలక సంస్థ 2010లో ఈ కొలతల లెక్కతోనే పట్టుకెళ్ళింది. రెండేళ్ళ కోర్టు వ్యవహారం తర్వాత 2012 జూలైలో దాన్ని చంపేశారు. ప్రపంచమంతటి నుంచీ వినతులు వచ్చినా ఆగలేదు.

చట్టం ఉద్దేశం నెరవేరిందా? 1998, 2018 మధ్య ఇంగ్లండులో కుక్క కాటుతో ఆసుపత్రిలో చేరే పెద్దల రేటు మూడింతలైంది. నిషేధించిన నాలుగు రకాలను వదిలేసి, జాబితాలో లేని అమెరికన్ ఎక్స్‌ఎల్ బుల్లీని పట్టుకున్నారు కొందరు. దాడులు పెరిగాక 2023లో ప్రధాని రిషి సునాక్ దాన్నీ నిషేధిస్తామన్నారు. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం నేరమైంది. యాభై వేలకు పైగా కుక్కలకు ఆ పత్రాలు తీసుకున్నారు. మగదైతే భుజం దగ్గర కనీసం 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48 అన్నది నిర్వచనంలో మొదటి కొలత. మళ్ళీ టేపే.

ఐరోపాలో కొన్ని దేశాలు ఇలాగే వెళ్ళి వెనక్కి వచ్చాయి. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన నిషేధాన్ని, కాట్లు తగ్గలేదని, 2008లో ఎత్తేసింది. ఇటలీ 2003లో 92 జాతుల జాబితా తయారు చేసింది. 2009లో దాన్ని పక్కనపెట్టి యజమాని బాధ్యత మీద నియమాలు తెచ్చింది.

పరిశోధన చెప్పింది

అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కల దాడుల్లో పోయిన 238 మంది వివరాలను 2000లో ఒక అధ్యయనం క్రోడీకరించింది. కనీసం 25 జాతులు ఆ దాడుల్లో ఉన్నాయి. సగానికి పైగా పిట్‌బుల్ రకాలు, రాట్‌వైలర్‌లే. నిషేధాన్ని కోరేవాళ్ళు చూపించే లెక్క ఇదే, దాన్ని దాచాల్సిన పనీ లేదు. బలమైన దవడలున్న పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దదే అవుతుంది. అయితే ఒక్కో జాతివి దేశంలో ఎన్ని కుక్కలున్నాయో తెలియకుండా ఏ జాతి ఎక్కువ ప్రమాదమో తేల్చలేమని రాసింది కూడా ఆ పరిశోధకులే.

2013లో వచ్చిన అధ్యయనం ఇంకా లోతుకు వెళ్ళింది. 2000–2009 మధ్య జరిగిన 256 మరణాలను పోలీసు దర్యాప్తుల సాయంతో ఒక్కొక్కటిగా పరిశీలించింది. 87 శాతం ఘటనల్లో ఆపగల మనిషి దగ్గర లేడు. 84 శాతం కుక్కలకు ఆపరేషన్ చేయించలేదు. 76 శాతం కుక్కలు ఇంటి మనుషుల్లో కలవకుండా గొలుసుకో, దొడ్డికో, కంచె లోపలికో పరిమితమై బతికినవి. కుక్క జాతి ఖాయంగా తేలిన ఘటనలు మాత్రం ఐదోవంతు కూడా లేవు. 2022లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన పరిశోధన 18,385 కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివింది. కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే అని తేల్చింది.

పందెం కుక్కల విషయంలో ఒక కోర్టు ఉత్తర్వు కూడా చాలామంది ఆలోచన మార్చింది. 2007లో ఫుట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ విక్ వర్జీనియా స్థలంలో దాదాపు యాభై పిట్‌బుల్‌లు దొరికాయి. అప్పటిదాకా ఇలా దొరికిన కుక్కలను చంపేయడమే ఆనవాయితీ. న్యాయమూర్తి హెన్రీ హడ్సన్ ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించమన్నారు. పోషణకు విక్ చేత తొమ్మిది లక్షల డాలర్లకు పైగా కట్టించారు. ఎక్కువ కుక్కలు బతికి బయటపడ్డాయి. 22 యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రయానికి చేరాయి, చాలావాటికి తర్వాత ఇళ్ళు దొరికాయి.

యజమానిని అడిగిన చట్టాలు

కెనడాలోని కాల్గరీ నగరం 2006లో చేసిన నియమావళి పేరులోనే బాధ్యతాయుత పెంపకం ఉంది. అందులో నిషిద్ధ జాతి లేదు. ప్రతి కుక్కకూ లైసెన్సు తప్పనిసరి. మెడలో బిళ్ళ ఉంటే తప్పిపోయిన కుక్కను ఇంటికే చేరుస్తారు. కరిస్తే జరిమానా భారీగా పడుతుంది. లైసెన్సు రుసుములతోనే ఈ ఏర్పాటు చాలావరకు నడుస్తుంది. జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రంలో 2013 నుంచి కొత్తగా కుక్కను పెంచదలచినవాళ్ళు ముందు రాత పరీక్ష, తెచ్చుకున్న ఏడాదిలోపు కుక్కతో సహా ప్రయోగ పరీక్ష పాసవ్వాలి. ఏ జాతి అయినా సరే.

అమెరికాలో ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగువాళ్ళకు ఈ చరిత్ర మరో దారిలో ఎదురవుతుంది. నగరం నిషేధం ఎత్తేసినా, చాలా అపార్ట్‌మెంట్ల ఒప్పందాల్లోనూ కొన్ని బీమా సంస్థల షరతుల్లోనూ జాతుల జాబితాలు అలాగే ఉన్నాయి.

భారతదేశంలో

మన దేశంలో జాతి మీద మోజూ, జాతి మీద భయమూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 2003లో హచ్ మొబైల్ సంస్థ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి నగరాలన్నీ పగ్‌లు కొన్నాయి. చప్పిడి ముక్కుతో ఎండాకాలంలో ఊపిరాడక అవి పడే అవస్థ కొన్నాక గానీ తెలియలేదు. మన దేశీ జాతులైన రాజపాళయం, ముధోల్ కుక్కల బొమ్మలతో 2005లో తపాలా బిళ్ళలు వచ్చినా వాటికి ఆ ఆదరణ దక్కలేదు. వ్యాపారం కోసం విదేశీ కుక్కల దిగుమతిని 2016లో కేంద్రం ఆపింది. 2017 నియమాలు పెంపకందారులు నమోదు చేసుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదనీ చెప్పాయి.

2022 జూలైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ చంపింది. ఆ ఏడాదే గాజియాబాద్ మూడు జాతులను నిషేధించింది. ఢిల్లీ హైకోర్టు ఆదేశం తర్వాత 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. జాబితాలోని 23 జాతులకు లైసెన్సులు ఇవ్వొద్దు, అమ్మకాలు ఆపించండి, ఇప్పటికే ఉన్నవాటికి ఆపరేషన్ చేయించండి అని దాని సారం. ఆ జాబితాను శ్రద్ధగా చదివితే తొందర తెలిసిపోతుంది. టోసా ఇను ఒకచోట, జపనీస్ టోసా మరోచోట ఉన్నాయి. రెండూ ఒకటే కుక్క. మాస్టిఫ్‌లు, టెర్రియర్‌లు అంటూ కుటుంబాలకు కుటుంబాలనే కలిపేశారు. చేతిసంచిలో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ఆ మాట కిందికే వస్తుంది. సంబంధితులెవరినీ సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న ఈ లేఖను కొట్టేసింది.

యజమానిని నిలదీసే చట్టాలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. జంతువును నిర్లక్ష్యంగా ఉంచి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే, పాత శిక్షాస్మృతి 289వ సెక్షన్ కింద శిక్ష ఉండేది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షన్ అయింది. ఆరు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కుక్కల పందేన్ని నేరమంటుంది. గొలుసుకు కట్టేసి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడాన్నీ నేరమంటుంది. 2013 అధ్యయనం మనుషులకు దూరంగా కట్టుబడిన కుక్కల గురించి చెప్పిన ప్రమాదాన్ని మన పార్లమెంటు అంతకు యాభై ఏళ్ళకు ముందే ఒక వాక్యంలో రాసిపెట్టింది. ఆ నేరానికి మొదటిసారి పడే జరిమానా అప్పుడు మహా అయితే యాభై రూపాయలు. ఇప్పుడూ అంతే.